పగిలితే మీదే పూచీ

ఆ వానాకాలం మొదట్లో నేను మా వీధి చివర రెండో కొట్టు అద్దెకు తీసుకున్నాను. అందులో మా అమ్మాయిని కూర్చోబెట్టాలన్నది నా లెక్క. వానలు వెనకబట్టేసరికి కొట్టు ఉంది గానీ లెక్క తలకిందులైంది. ఎలా అయిందో చెబుతాను. లాభమో నష్టమో మీరే తేల్చుకోండి. నాకు ఇప్పటికీ తేలలేదు.

మాది పింగాణీ సామాన్ల వ్యాపారం. కప్పులు, సాసర్లు, ప్లేట్లు, గాజు గ్లాసులు. ఈ సరుకుకున్న రోగం ఏమిటంటే, కొట్టు చేరేలోపే కొంత చచ్చిపోతుంది. పగిలినదైతే కంటికి కనబడుతుంది, తీసి పారేస్తాం. పైకి నిక్షేపంలా ఉండి లోపల సన్నగా నెర్ర పడ్డదాన్ని పట్టుకోవడమే కష్టం. అందుకని పెట్టె విప్పగానే ఒక్కొక్క కప్పునీ అరచేతిలో పెట్టుకుని వేలి మెటికతో తట్టి చూస్తాం. మంచిదైతే ఖంగుమంటుంది. నెర్ర ఉంటే జలుబు చేసినవాడిలా బొంగురుగా పలుకుతుంది. నేనైతే తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకోసారి తట్టాలి. మా అమ్మాయికి అంత అక్కర్లేదు. పాలపళ్లు ఊడని వయసులోనే, నేను కప్పు బల్లమీద పెట్టిన చప్పుడు విని "అది పక్కన పెట్టు నాన్నా" అనేది.

అమ్మడంలోనూ అంతే. ఒక్క కప్పు కోసం వచ్చినావిడ చేత పూర్తి సెట్టు కొనిపించి పంపేది. ఆవిడ పోతూ పోతూ దీనికే కృతజ్ఞతలు చెప్పి పోయేది. మాకు ఒక్కతే సంతానం. చదువు పూర్తయింది. మరి రెండో కొట్టు తీసుకోక ఏం చేస్తాను?

"దాన్ని అడిగారా?" అంది మా ఆవిడ.

"అడగడానికేముంది? నడక వచ్చినప్పట్నించీ కొట్లోనే తిరిగిందిగా."

"నేనూ కొట్లోనే తిరుగుతున్నాను, మీకు భోజనం తెచ్చి, సామాన్లు తుడిచి. అంత మాత్రాన కొట్టు నాదైపోయిందా?"

ఆ మాట నేను పట్టించుకోలేదు. సున్నంవాడితో మాట్లాడుతున్నాను అప్పుడు.

వానాకాలంలో మా వ్యాపారం మందంగా ఉంటుంది. మా అమ్మాయి కిందికి దిగడం మానేసింది. కొట్టు పైన గోడౌన్‌లో దానికి తోడు ఇద్దరు. ఒకతి టైలరుగారి రెండో కూతురు. ఆ పిల్ల వీధి ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివర వాళ్లు పలికేవారు. అందుకని అందరూ మైకు అనే పిలిచేవారు. రెండోది పళ్ల డాక్టరుగారి అమ్మాయి. నోట్లోంచి మాట రాదు, మొహాన నవ్వు రాదు. దాన్ని మూగనోము అనేవారు. పళ్ల డాక్టరు కూతురై ఉండి పళ్లు చూపించకపోవడం ఏమిటని వాళ్ల నాన్నకే బెంగగా ఉండేది.

ఒకరోజు పైనుంచి టక్కు, టక్కు, టప్పు, టక్కు అని వినబడుతోంది. సాసర్లు బేరమాడుతున్న పెద్దాయన తలెత్తి "ఎలుకలా అండీ?" అన్నాడు.

"ఎలుకలైతే పిల్లిని పెట్టేవాణ్ణి" అని పైకెళ్లాను.

చూద్దును కదా, నేను పారేయడానికి మూల పెట్టిన నెర్ర కప్పులన్నీ బల్లమీద బోర్లించి ఉన్నాయి. మా అమ్మాయి రెండు చెంచాలు పుచ్చుకుని వాటి ముందు నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నారే?"

"పాట కడుతున్నాం నాన్నా. ఈ కప్పు విను. ఇది ఏ స్వరమో చెప్పుకో."

"అది స్వరం కాదు, నష్టం."

"బాబాయ్, మేం కప్పులు పగలగొట్టట్లేదు. పగిలినవాటితో పని చేయిస్తున్నాం" అంది మైకు. కింద పెద్దాయన కూడా విన్నాడు.

"సరేలే. పెట్టెల మీద మాత్రం కూర్చోకండి. అమ్మా, కొత్త కొట్టుకి రంగు వేయిస్తున్నాను. ఏ రంగు కావాలో వచ్చి చూడు."

"నీకు నచ్చింది వేయించు నాన్నా."

ఎంత వినయం గల పిల్ల అనుకున్నాను. ఆ గోడలతో తనకి పనిలేదని దానర్థం.

ఆ నెలలోనే మా ఊరి గ్రంథాలయం వార్షికోత్సవం వచ్చింది. గారడీ ఆయనకి జ్వరం తగలడంతో ఆ ఖాళీ వీళ్లకి దొరికింది. సభ నడిపేది మా బావమరిది. ఇన్సూరెన్సు ఏజెంటు. వేదికెక్కి మాట్లాడితే జనం లేచిపోకుండా వింటారన్న ఆశతో ఏ సభకైనా ఊరికే వచ్చేవాడు.

ముగ్గురూ కొట్లో వేసుకునే ముతక ఏప్రన్లు కట్టుకున్నారు, చెంచాలు పెట్టుకోవడానికి పెద్ద జేబులుంటాయని. కప్పుల బల్ల వేదిక మీద పెట్టారు. పక్కనించి పోయేవాళ్లు ఎవరైనా చెయ్యి తగిలిస్తారేమోనని మా అమ్మాయి గాజు సామాన్ల అర మీద వేలాడే బోర్డు పట్టుకొచ్చి బల్లకి ముందువైపు తగిలించింది. "పగిలితే మీదే పూచీ" అని ఎర్రక్షరాలు. మా నాన్న రాయించిన బోర్డు అది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాళ్లకి అప్పటికి పేరు లేదు. మైకు "మెరుపులు" అంది. మా అమ్మాయి "కప్పులూ చెంచాలూ" అంది. మూగనోము రెంటికీ తల అడ్డంగా ఊపింది. ఆ గొడవ తేలకముందే తెర లేచింది. మా బావమరిది చేతిలో కాగితం చూసుకున్నాడు, అక్కడ ఖాళీ. బల్లకేసి చూశాడు.

"ఇప్పుడు మీ ముందుకు వస్తున్నారు," అని గొంతు సవరించుకుని, "పగిలితే మీదే పూచీ" అన్నాడు.

ముందు వరసలో ఒక ముసలావిడ "సరేనమ్మా, మాదే" అంది గట్టిగా. అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వు ఆగకముందే మా అమ్మాయి కప్పు మీద చెంచా వేసింది.

పాట రాసింది మూగనోము. వాళ్ల నాన్న రోజంతా కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లతో అనే మాటలే. నోరు విప్పని కుర్రాడితో ఒకమ్మాయి అంటున్నట్టు రాసింది.

"నోరు తెరువు, ఇంకాస్త తెరువు,
నొప్పి ఎక్కడో నువ్వే చెప్పు."

మైకు అందుకుంటే కిటికీ అద్దాలు గిలగిలలాడాయి. రెండోసారి వచ్చేసరికి హాలంతా పాడుతోంది. నేను మాత్రం కప్పులకేసే చూస్తూ కూర్చున్నాను. ఒక్కటీ పగల్లేదు.

బయటికొచ్చాక బావమరిదిని పట్టుకున్నాను. "అదేం పేరురా?"

"నీ బోర్డే కదా బావా. ఉన్నది చదివాను. అయినా ముందే పూచీ అవతలివాళ్లమీద పెట్టేశారు చూడు, అది కదా తెలివంటే. మా కంపెనీవాళ్లకి కూడా తట్టలేదు."

ఎవరో ఆ పాట ఫోన్‌లో పట్టారు. అది ఊరు దాటింది. మంగలి షాపుల్లో అదే, బస్సుల్లో అదే. పక్క ఊళ్ల నుంచి పిలుపులొచ్చాయి. వీళ్లు వేదికెక్కి "పగిలితే?" అంటే జనం "మాదే పూచీ" అని అరిచేవారు. పేరు పొడుగైందని జనమే కత్తిరించుకుని పూచీ పిల్లలు అన్నారు.

పళ్ల డాక్టరుగారు ఒకరోజు వానలో తడుస్తూ కొట్టుకొచ్చారు.

"షావుకారుగారూ, నా పని పట్టుకుని వేళాకోళం చేసేశారండీ మన పిల్లలు. ఇవాళ ఒకాయన నోట్లో అద్దం పెట్టి, నోరు తెరువు అన్నానా, ఆయన మిగతా పాటంతా అందుకున్నాడు. పన్నెలా చూడను?"

"జనం తగ్గారా?"

"పెరిగారనుకోండి."

"మరి?"

"మరేం లేదు. ఎవరితోనైనా చెప్పుకుందామని." ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "ఇంకో సంగతి. మా పిల్ల నిన్న నవ్విందండీ. పళ్లు బాగానే ఉన్నాయి."

టైలరుగారికీ తీరిక లేదు. ఊళ్లో ఆడపిల్లలందరికీ జేబులు కావాలి, చెయ్యి మణికట్టు దాకా దిగే జేబులు. పాత బట్టలు కూడా పట్టుకొచ్చి జేబు కుట్టమనేవారు.

ఇక నా సంగతి. ఒకావిడ వచ్చి "నెర్ర పడ్డ కప్పులున్నాయా?" అంది. తప్పు విన్నాననుకున్నాను. "అవేనండీ, పూచీ పిల్లలు వాయించేవి. మా పిల్ల ప్రాణం తీస్తోంది" అంది. ఆ తర్వాత వరస కట్టారు. మంచి కప్పు చూపిస్తే, తట్టి చూసి, ఖంగుమంటే మొహం చిట్లించి పక్కన పెట్టేవారు. జీవితమంతా నెర్ర లేదని ఒట్టేసి అమ్మినవాణ్ణి, ఆ నెలంతా నెర్ర ఉందని ఒట్టేసి అమ్మాను. పారేసే సరుకు అయిపోయింది. పెట్టెలు కాస్త గట్టిగా దించమని లారీవాడికి చెప్పబోయి నాలిక కరుచుకున్నాను.

ఒక చేత్తో వస్తోంది, ఇంకో చేత్తో పోతోంది. రెండో కొట్టుకి రంగు పూర్తయింది, అరలు బిగించారు, కుర్చీ వచ్చింది. కుర్చీలో కూర్చోవలసిన మనిషి ఎప్పుడూ ఏదో ఊళ్లో ఉండేది. వానకి తాళం తుప్పు పట్టింది. నేను రోజూ సాయంత్రం వెళ్లి తాళానికి నూనె వేసి వచ్చేవాణ్ణి. ఇది వానల పాట, వానలతోనే పోతుంది అనుకునేవాణ్ణి. పోవాలనే కోరుకునేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే కూర్చుని నెర్ర కప్పులు అమ్మేవాణ్ణి.

అప్పుడు వచ్చాడు పాటల కంపెనీ ఆయన. అంత బురదలోనూ తెల్ల బూట్లతో వచ్చాడు. ముగ్గురినీ రాజధానికి తీసుకెళ్లి పాటలు రికార్డు చేయించి దేశమంతా తిప్పుతాడట.

మా అమ్మాయి నా దగ్గరికొచ్చింది. "నాన్నా, ఆయనతో నువ్వు మాట్లాడు."

"నేనా? నాకేం తెలుసే పాటల గురించి?"

"బేరం గురించి తెలుసుగా. నీ అంత బేరమాడేవాళ్లు ఈ వీధిలో లేరు. మైకు వాళ్ల నాన్న, డాక్టరుగారు కూడా నువ్వే మాట్లాడాలన్నారు."

నా నెత్తిన పాలు పోసినట్టయింది. బేరం నా చేతిలోకే వచ్చింది. చెడగొట్టడం ఎంతసేపు? మా వ్యాపారంలో దానికో పద్ధతుంది. ధర ఎక్కువ చెబితే బేరం చెడదు, అవతలివాడు తగ్గించమంటాడు, మాట సాగుతుంది. చెడాలంటే అసలు ధరే చెప్పకూడదు. "ఇది అమ్మడానికి కాదండీ, చూపించడానికి పెట్టాం" అనాలి. ఆ మాట అన్నాక ఎంతటివాడైనా చేతులు దులుపుకుని లేస్తాడు.

"మీ మొహం చూస్తే నాకు అనుమానంగా ఉంది" అంది మా ఆవిడ, నా చొక్కా గుండీ పెడుతూ.

"నా మొహానికేం?"

"చవగ్గా సరుకు దొరికిన రోజు ఇలాగే ఉంటుంది."

కొట్టు వెనకగదిలో కూర్చున్నాం. చుట్టూ గడ్డి, పెట్టెలు, అర నిండా గాజు గ్లాసులు. అమ్మాయిలు ముగ్గురూ గోడవార నిలబడ్డారు. నా మాట నాలిక చివర సిద్ధంగా ఉంది.

"షావుకారుగారూ, దాపరికం లేకుండా చెబుతాను" అన్నాడాయన. "ఇది సీజను సరుకు. వానలున్నంత కాలం ఉంటుంది. పేరొకటి మోటుగా ఉంది, మారుద్దాం. కప్పుల మోత తీసేసి మిషన్లు పెడదాం. ఆ అమ్మాయి గొంతు మరీ గట్టి. వెనకనించి ఇంకొకరు పాడతారు, ఈవిడ పెదాలు కదిపితే చాలు. పాటలు రాసే అమ్మాయి పేరు వేయనక్కర్లేదు. మీ అమ్మాయి, ఊఁ, ఫర్వాలేదు."

ఫర్వాలేదు.

ఆ మాట నాకు కొత్త కాదు. ముప్పయ్యేళ్లుగా కొట్లో వింటున్నాను. సరుకు నచ్చి, కళ్లు మెరిసి, చెయ్యి వదలబుద్ధి కాక, అయినా ధర దించాలనుకునేవాడు అనే మాట అది. ఆ మాట విన్నాక ఎదుటివాడు ఎవరన్నది నేను చూడను.

"ఫర్వాలేదా?" అన్నాను. "అలాగా. అమ్మా మైకూ, ఒక్క చరణం అనమ్మా."

"మైకు లేదు బాబాయ్."

"నీకెందుకు?"

ఆ పిల్ల అంది. అరలో గాజు గ్లాసులన్నీ సన్నగా మోగడం మొదలుపెట్టాయి. పాట ఆగాక కూడా కాసేపు మోగుతూనే ఉన్నాయి. కంపెనీ ఆయన ఆ అర కేసి చూశాడు. నేను ఆయన కేసి చూశాను.

"మీ మిషన్లు ఈ పని చేస్తాయా అండీ?"

ఆయన వంగి బూట్ల మీది బురద తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఇది సీజను సరుకన్నారు. సీజను సరుకు కోసం ఇంత బురదలో, ఆ బూట్లతో, ఇంత దూరం ఎవరొస్తారండీ? మనిషిని పంపుతారు."

ఇక నాకు ఒళ్లు తెలియలేదు. పేరు అదే ఉండాలన్నాను. కప్పులు ఉండాలన్నాను. ఎవరి గొంతు వాళ్లదే, ఎవరి పాట కింద వాళ్ల పేరే. రాసిన పాట కంపెనీ సొత్తు కాదు, రాసిన పిల్ల సొత్తు. ఏప్రన్లు తీసి తళుకుబట్టలు తొడగకూడదు. ఆయన రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ గొడుగు మర్చిపోయినట్టు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. గొడుగు మర్చిపోయేవాడు ఎక్కడికీ పోడని తెలిసి నేను టీ తెప్పించాను. మూడోసారి ఆయన "మీతో పెట్టుకోకూడదండీ" అని చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. అంత మంచి బేరం నా జన్మలో కుదరలేదు.

చెయ్యి వదిలాక గుర్తొచ్చింది. నా మాట చెప్పనే లేదు. కొత్త కొట్లో కూర్చునే మనిషిని నా చేతులారా, పైపెచ్చు లాభానికి, అమ్మేశాను.

ఆయన వెళ్లాక మా అమ్మాయి బల్ల మీది టీ కప్పులు తీస్తూ అంది. "చెడగొట్టడానికే వచ్చావు కదా నాన్నా?"

"ఎవరన్నారు?"

"అమ్మ."

"మరి తెలిసి నన్నెందుకు కూర్చోబెట్టావు?"

"నీ ఎదురుగా మన సరుకుని ఎవరైనా తక్కువ చేస్తే ఊరుకోలేవుగా. ఆయన తక్కువ చేస్తాడని తెలుసు. కొనడానికొచ్చాడుగా మరి."

ఒక్క కప్పు కోసం వచ్చినావిడకి పూర్తి సెట్టు అంటగట్టి పంపే పిల్ల అది. ఈసారి కొనుక్కుని వెళ్లింది నేను.

వాళ్లు వెళ్లిన రోజు వాన లేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. పూచీ పిల్లలు ఎంత ఎత్తుకెళ్లారో మీకు తెలుసు. ఏ మనస్పర్థా లేకుండానే ఎవరి దారిన వాళ్లు విడిపోయారనీ తెలుసు. మైకు పాట నేర్పుతోంది. మూగనోము అందరికీ పాటలు రాస్తోంది, ఫోన్‌లో ఇప్పటికీ ఊఁ అనే అంటుంది. మా అమ్మాయి కొత్త పిల్లల పాటలకి బాణీలు కడుతోంది. వీళ్ల తర్వాత ప్రతి వీధిలో ముగ్గురేసి, నలుగురేసి అమ్మాయిలు బయల్దేరారు. పేర్లన్నీ కొట్ల బోర్డుల మీదవే. "చిల్లర లేదు" అని ఒక జట్టు, "చేతితో తాకరాదు" అని ఒకటి, "అద్దెకు ఇవ్వబడును" అని ఇంకొకటి. ఆ చివరివాళ్లకి ఇల్లు కావాలని ఫోన్లు వచ్చేవట. ఆడపిల్లల బట్టలకి జేబులు మాత్రం నిలిచిపోయాయి.

మొన్న ఒక లెక్చరరమ్మ వచ్చింది, వీళ్లమీద పుస్తకం రాస్తోందట. "మమ్మల్ని నొప్పిస్తే బాధ్యత లోకానిదే అని ఆ పేరులో ఒక తరం ఆడపిల్లలు ప్రకటించారండీ. ఆ ఆలోచన ఎలా వచ్చింది?" అని అడిగింది. గాజు గ్లాసుల కోసం అని చెబుదామనుకున్నాను. కానీ ఆవిడ కళ్లు చూశాను. హాల్లో "మాదే పూచీ" అని అరిచే ఆడపిల్లల్ని కూడా చూసి ఉన్నాను కదా. గ్లాసుల కోసం అరిచిన మొహాలు కావవి. "మా నాన్నగారు రాయించారండీ" అని ఊరుకున్నాను.

కొట్టు సంగతి చెబుతానని చెప్పి ఎటో పోయాను.

వాళ్లు రాజధానికి వెళ్లిన కొన్నాళ్లకి, రెండో కొట్టు తెరిచిన రోజు కుర్చీలో బావమరిదిని కూర్చోబెట్టాను, మనిషి దొరికేదాకా అని. మధ్యాహ్నం దాకా ఒక్క ప్లేటు అమ్మలేదు. వచ్చినవాళ్లకి పింగాణీ ఎంత త్వరగా పగులుతుందో, మనిషి ప్రాణం అంతకన్నా ఎంత పెళుసో చెప్పి పాలసీలు రాయిస్తున్నాడు. వాణ్ణి లేపి పంపాను. అటు పాత కొట్లో కొనడానికొచ్చినాయన నిలబడి పిలుస్తున్నాడు. నేను అటు పరిగెత్తాను. మళ్లీ ఇటు వచ్చేసరికి, భోజనం క్యారేజీ తెచ్చిన మా ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా భార్యాభర్తలు పెద్ద డిన్నర్ సెట్టు ముందు పెట్టుకుని ఉన్నారు. భర్త వద్దంటున్నాడు. మా ఆవిడ అతనితో మాట్లాడటమే లేదు. అతని భార్యతో ఏదో మెల్లగా చెబుతూ, మధ్యలో నవ్వుతూ, చేతులు ఆగకుండా గడ్డి చుట్టేస్తోంది. బేరం పూర్తవకముందే పెట్టె కట్టడం మా అమ్మాయి పద్ధతి. అది నా దగ్గర నేర్చుకోలేదని ఎప్పుడూ అనుకునేవాణ్ణి.

అప్పుడే ఫోన్ మోగింది. మా అమ్మాయి.

"కొట్టు తెరిచావా నాన్నా? ఎవరు కూర్చున్నారు?"

"మీ అమ్మ."

"ఇన్నాళ్లూ అమ్మని ఎందుకడగలేదు నాన్నా?"

నేను మా ఆవిడకేసి తిరిగాను. "ఇన్నాళ్లూ నిన్నెందుకు అడగలేదని అడుగుతోంది."

మా ఆవిడ తాడు ముడి వేసి, పళ్లతో తెంపి, పెట్టె ఆ భార్యాభర్తల ముందుకు జరిపింది.

"నేనూ అదే అనుకునేదాన్నని చెప్పండి" అంది. "చెప్పి, మీరు పాత కొట్టుకెళ్లండి. గుమ్మానికి అడ్డంగా నిలబడితే వచ్చేవాళ్లు ఎలా వస్తారు?"

గుమ్మంలోంచి తప్పుకున్నాను.